వదిన పేరు మీద లోను

2022లో నేను కోయంబత్తూరులో ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీకి రీజనల్ క్రెడిట్ హెడ్‌ని. అంటే ఆ చుట్టుపక్కల బ్రాంచీల్లో చిన్న వ్యాపారాలకు అప్పివ్వాలా వద్దా అన్నదాంట్లో చివరి మాట నాది. ఆ కుర్చీలో నాకు ముందు ఆడవాళ్ళెవరూ కూర్చోలేదు. నేను కూర్చున్న కొత్తలో ఆఫీసులో మగవాళ్ళు రెండు జట్లయ్యారు. ఆడమనిషి కదా, నాలుగు మంచి మాటలు చెబితే కరిగిపోతుందని ఒక జట్టు. ఆడమనిషి కదా, భయపడి దేనికీ సంతకం పెట్టదని ఇంకో జట్టు. మొదటివాళ్ళ ఆశ త్వరగానే తుంచేశాను. దాంతో రెండోవాళ్ళు తామే గెలిచామనుకున్నారు. నా వెనక నన్ను ‘నో మేడం’ అంటారని నాకు తెలుసు. మొదట కోపం వచ్చింది, తర్వాత అలవాటైంది, ఆ పైన అది పనికొచ్చింది కూడా. నో అనే మనిషి ఎప్పుడైనా ఎస్ అంటే, పైవాళ్ళు పెద్దగా అడ్డు చెప్పరు.

మాది మదురైలో పాత్రల వ్యాపారం చేసే కుటుంబం. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బడిలో ఇంగ్లీషు. మా పెద్దలు ఈ ఊరికి ఎప్పుడు వచ్చారో ఎవరికీ తెలియదు, ఎక్కడినుంచి వచ్చారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో ఊరు చెబుతారు. తెలుగు చదవడం, రాయడం నాకు ఉద్యోగంలో హైదరాబాదు బదిలీ అయినప్పుడు వచ్చాయి. అక్కడి వాళ్ళు నా మాట విని ‘మీది తెలుగేనా’ అని నవ్వేవారు. తెలుగే. అయితే ఇంట్లో మాట్లాడుకునే ఆ తెలుగు ఆఫీసు పనికి అక్కరకొస్తుందని నేనూ అనుకోలేదు.

ఈ విషయంలో ఊరూ పేరూ తెలిసే వివరాలు మార్చి రాస్తున్నాను.

అవినాశి బ్రాంచి నుంచి నా టేబుల్ మీదికి ఒక రిజెక్ట్ ఫైలు వచ్చింది. పాత కస్టమర్‌ని తిరగగొట్టాలంటే నా సంతకం కావాలి. వాళ్ళది టీషర్టులకు కాలర్లు అల్లే చిన్న యూనిట్. తిరుప్పూరు ఎగుమతి కంపెనీలు నూలు ఇస్తాయి, వీళ్ళు కాలరు అల్లి ఇచ్చి కూలి తీసుకుంటారు. దీన్ని జాబ్‌వర్క్ అంటారు. అప్పటికి కంప్యూటర్‌తో నడిచే అల్లిక మెషిన్లు వచ్చేశాయి. అవి లేనివాళ్ళకు కంపెనీలు పని తగ్గిస్తూ వస్తున్నాయి. వీళ్ళకు పెద్ద ఆర్డరిచ్చే కంపెనీ కూడా కొత్త మెషిన్లు పెట్టకపోతే వేరే యూనిట్ చూసుకుంటామని చెప్పేసింది. అందుకే లోను. ఇంతకుముందు తీసుకున్న చిన్న లోనును కరోనా నెలల్లో కూడా వాయిదా తప్పకుండా కట్టారు. ప్రొప్రయిటర్ పేరు దామోదరన్, ఇంట్లో దాము. ముప్పై దాటిన మనిషి, ఇంకా పెళ్ళి కాలేదు.

మా పనిలో పీడీ అని ఒకటుంది, పర్సనల్ డిస్కషన్. కాగితాల్లో ఏమున్నా, అప్పు అడిగేవాడి ఎదుట కూర్చుని అతని వ్యాపారం గురించి అతని నోటితోనే వినాలి. ఇక్కడ పీడీ చేసింది మా క్రెడిట్ మేనేజర్ ప్రభాకరన్. నలభై దాటినవాడు, పని బాగా తెలిసినవాడు, తన నీడను కూడా కేవైసీ అడిగే రకం. అతను రాసిన మాట ‘డమ్మీ ప్రొప్రయిటర్’. ముందు ఒకణ్ణి నిలబెట్టి వెనక ఇంకొకరు నడిపే వ్యాపారాన్ని అలా అంటాం. ఎక్కడో అప్పు ఎగ్గొట్టి పేరు చెడగొట్టుకున్నవాళ్ళు ఇలా తమ్ముడి పేరుతోనో బావమరిది పేరుతోనో మళ్ళీ వస్తుంటారు. ఆ మాట ఒకసారి ఫైల్లో పడిందంటే ఇంకే కంపెనీ కూడా ఆ గడప తొక్కదు.

ఫోన్ చేసి అడిగాను. దాము ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పలేదట. నీళ్ళు తెస్తాననో, కాఫీ తెస్తాననో, ఫ్యాన్ స్విచ్ చూస్తాననో ప్రతిసారీ లోపలికి వెళ్ళి వచ్చి అప్పుడు చెప్పాడట. లోపల ఎవడో బ్రోకర్ దాక్కుని ఉన్నాడని ప్రభాకరన్ నమ్మకం. లోపల ఎవరినైనా చూశారా అంటే, చూడలేదు, ఒక ఆడమనిషి గొంతు మాత్రం వినబడిందన్నాడు. ఆమె ఏమంటోంది అని అడిగాను. తెలుగులో ఏదో అంటోంది మేడం, కాఫీలో చక్కెర గురించి అనుకుంటాను అన్నాడు.

ప్రతి ప్రశ్నకూ చక్కెర గురించి మాట్లాడుకునే ఇల్లు నేనెక్కడా చూడలేదు. మర్నాడు ఇద్దరం కలిసి అవినాశి వెళ్ళాం.

మా వైపు పాత ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పరాయి మగవాడు హాల్లో కూర్చుంటే ఇంటి ఆడవాళ్ళు వంటింటి వాకిలి దాటరు. మాట మాత్రం దాటుతుంది. మదురైలో మా తాత వ్యాపారులతో బేరం చేస్తుంటే మా అవ్వ లోపల్నుంచి తెలుగులో రేటు చెప్పేది, తాత దాన్ని తన మాటలా తమిళంలో చెప్పేవాడు. వచ్చినవాళ్ళకు అర్థం కాదు కాబట్టి గుట్టు గుట్టుగానే ఉండేది. ఇప్పుడు ఆ పద్ధతి చాలా ఇళ్ళల్లో పోయింది. కొన్ని ఇళ్ళల్లో పోలేదు.

ఇల్లు ముందు, షెడ్డు వెనక. దాము మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టాడు. వేళ్ళకు మెషిన్ ఆయిలు, ముఖాన పరీక్షకు వచ్చిన పిల్లవాడి చెమట. నేను తమిళంలోనే మొదలుపెట్టాను. నూలులో వేస్టేజీ కంపెనీలు ఎంతవరకు ఒప్పుకుంటాయని అడిగాను. నీళ్ళు తెస్తానని లేచాడు. లోపల్నుంచి మెల్లగానే, కానీ స్పష్టంగా ఒక గొంతు వినిపించింది.

“కంపెనీకి కంపెనీ వేరే అని చెప్పు. పెద్దోళ్ళు తక్కువ ఒప్పుకుంటారు, పేమెంటు సరిగ్గా ఇస్తారు. చిన్నోళ్ళు ఎక్కువ ఒప్పుకుంటారు, పేమెంటు లాగుతారు. అట్లే చెప్పు, తడబడొద్దు.”

దాము నీళ్ళతో వచ్చి అందులో సగం తమిళంలో చెప్పాడు. నేను వంటింటి వైపు తిరిగి తెలుగులో అన్నాను, “పేమెంటు లాగేది చెప్పనే లేదక్కా. మరిచిపోయినాడు.”

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. దాము నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ప్రభాకరన్ నన్నూ వంటింటినీ మార్చి మార్చి చూశాడు. కాసేపటికి లోపల్నుంచి వచ్చింది ప్రశ్న, “మేడం మనవాళ్ళా?”

అలా బయటికి వచ్చింది రాజామణి, దాము వదిన. నలభై అయిదేళ్ళు ఉంటాయి. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి మాకు ఎదురుగా నేల మీద కూర్చోబోతే, కుర్చీలో కూర్చోమని నేను చెప్పాల్సి వచ్చింది. దాము ముఖంలో అప్పటిదాకా లేని నెమ్మది కనబడింది.

యూనిట్ పెట్టింది ఆమె భర్త. ఆయన గుండెపోటుతో పోయినప్పుడు, ఇంటి పెద్దలు జీఎస్టీ, కరెంటు కనెక్షన్, బ్యాంకు ఖాతా అన్నీ మగపిల్లాడి పేరు మీద ఉంటే మంచిదని దాము పేరుకు మార్పించారు. దాముకు మెషిన్ అంటే ప్రాణం. సూది విరిగిన చప్పుడు షెడ్డు అవతల నుంచే పట్టేస్తాడు. బేరం అంటే మాత్రం నోరు పెగలదు. రేట్లు మాట్లాడేది, ఆర్డర్లు పట్టేది, ఎవరికి ఎన్నాళ్ళు అరువివ్వాలో చూసేది అంతా రాజామణి, అదీ ఫోన్‌లోనే. కంపెనీలవాళ్ళు ఆమెను ఆఫీసులో జీతానికున్న మనిషి అనుకుంటారట. ఓనర్‌ని అడిగి చెప్పమ్మా అంటే, సరే అడుగుతానని కాసేపు ఫోన్ పక్కన పెట్టి, తర్వాత తానే ‘ఓనర్ ఒప్పుకోలేదు’ అని చెబుతుందట. ఇది చెబుతూ ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ప్రభాకరన్‌కు తమిళంలో చెప్పాక అతనూ నవ్వాడు. తన రిపోర్టు తప్పు కాదని కూడా అన్నాడు. నిజమే, తప్పు కాదు. డమ్మీ ప్రొప్రయిటరే. వెనకున్నది ఎవరన్నదే అతనికి తెలియలేదు.

ప్రశ్నలన్నీ ఆమెనే అడిగాను. చాలావాటికి చక్కగా చెప్పింది, రెండు మూడు చోట్ల తెలియదని ఒప్పుకుంది. అప్పుడు నా మాట చెప్పాను. లోను ఇస్తాం, కానీ వ్యాపారం ఎవరు నడుపుతున్నారో వాళ్ళ పేరు మీదే ఇస్తాం. యూనిట్ ఆమె పేరుకు రావాలి.

ఆమె దామును ఏదో పని చెప్పి షెడ్డులోకి పంపింది. ప్రభాకరన్ కూడా మెషిన్లు చూస్తానని మర్యాదగా లేచి వెళ్ళాడు. అప్పుడు చెప్పింది అసలు సంగతి. దాముకు దిండిగల్‌లో సంబంధం కుదిరేలా ఉంది. తాళాల వ్యాపారం చేసే కుటుంబం, తెలుగువాళ్ళే. పిల్లవాడికి సొంత యూనిట్ ఉందని విని వచ్చారు.

“ఇప్పుడు బోర్డు మీద నా పేరు ఎక్కితే, పొణ్ణు వాళ్ళు ఏమంటారు? వదిన కింద కూలికి ఉండాడు అంటారు. వాళ్ళన్న పోయినప్పటి నుంచి నన్నూ నా బిడ్డల్నీ కాపాడింది వాడు. వాడికి పెండ్లి లేకుండా చేసేదా నేను?”

నాకు జాలి వేసింది. అయినా చెప్పాల్సింది చెప్పాను. రేపు ఆ ఇంటికి ఒక అమ్మాయి వస్తుంది, ఆమెకు పిల్లలు పుడతారు, వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి. కాగితం మీద రాజామణికీ ఆమె ఇద్దరు కూతుళ్ళకూ ఈ యూనిట్‌లో ఒక సూది కూడా లేదు. దాము అలాంటివాడు కాదని ఆమె కోపంగా అంది. నేను చెబుతున్నది దాము గురించి కాదు, కాగితం గురించి అన్నాను. మా పనిలో మంచివాళ్ళు చచ్చిపోవడం, విడిపోవడం, మారిపోవడం రోజూ చూస్తాం.

ఆమె నన్నే ఎదురు అడిగింది. “నీ పేరు మీ ఆఫీసులో తలుపు మీద రాసి ఉంటుంది గదా అమ్మణి. దానికి నువ్వేమి ఇచ్చినావు?”

ఇంటర్వ్యూల్లో, సన్మాన సభల్లో నన్ను చాలామంది చాలా అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నా భర్త మదురైలో అంగడి చూసుకుంటాడు, నేను కోయంబత్తూరులో ఉంటాను, వారానికోసారి బస్సెక్కుతాను. నా కొడుకు పదో తరగతి చదివిన ఏడాది నేను హైదరాబాదులో ఉన్నాను. మీటింగుల్లో ఎన్నో ఏళ్ళు నా ఆలోచనను పక్కనున్న మగవాడు తనదిగా చెబుతుంటే నోరు మూసుకుని నోట్సు రాసుకున్నాను. ఇవన్నీ ఆమెకు చెప్పలేదు.

“చానా ఇచ్చినానక్కా,” అన్నాను.

“రేటు చెప్పకుండా సరుకు కొనుక్కో అంటే ఎట్ల మరి?”

“నీకి ఎంత పడుతుందో నాకి తెలీదు. సరుకు మంచిదని మాత్రం చెప్పగలను.”

ఆలోచించుకోమని చెప్పి లేచాను. ఫైలు రిజెక్ట్ చెయ్యలేదు, సంతకమూ పెట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు ప్రభాకరన్ కారులో ఒక మాటన్నాడు. ఇంత తిప్పలెందుకు మేడం, లోను అతని పేరు మీదే ఇచ్చి, ఆమెను గ్యారంటర్‌గా పెట్టుకుంటే మన రిస్కు మనకు తీరిపోతుంది కదా అని. తీరిపోతుంది. గ్యారంటర్ అంటే అప్పు తీరకపోతే కట్టాల్సిన మనిషి. అంటే నష్టం వస్తే ఆమెది, ఆస్తి మాత్రం ఆమెది కాదు. ఆ బేరం నేను కుదర్చను అన్నాను.

వారం తిరక్కుండానే ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. రాజామణి పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆమె తెచ్చిన ప్రతిపాదన మా లాయర్ ఇచ్చేదానికన్నా బాగుంది. ప్రొప్రయిటర్‌షిప్ కాకుండా పార్టనర్‌షిప్. ఇద్దరి పేర్లూ ఉంటాయి. నడిపే బాధ్యత, అంటే మేనేజింగ్ పార్టనర్ పేరు ఆమెది. దాము వాటా దాముకు రాసి ఉంటుంది, రేపు వచ్చే అమ్మాయి కూడా దాన్ని వేలెత్తి చూపలేదు. ఇది దాము ఆలోచన అని ఆమె చెప్పింది. దిండిగల్ వాళ్ళ సంగతేంటని నేను అడిగాను. దాము నేల చూపులు చూస్తూ, తనే వెళ్ళి వాళ్ళకు చెబుతానన్నాడు.

కొత్తగా పెట్టిన పార్టనర్‌షిప్ కాబట్టి మా రూల్ ప్రకారం వ్యాపారానికి వయసు చాలదు. అలాంటప్పుడు డీవియేషన్ అడగాలి, అంటే రూలు సడలించమని పై కమిటీకి రాయాలి. అందులో ‘నా పూచీ’ అని రాసేది నేనే, లోను మునిగితే ముందు నా పేరే తిరుగుతుంది. చెన్నైలో కమిటీ పెద్ద ఒకాయన వీడియోలో రాజామణిని చూసి ఒక ప్రశ్న అడిగారు. రేపు మీ మరిది మిమ్మల్ని వదిలి వెళ్ళిపోతే ఈ యూనిట్ గతేమిటమ్మా అని. ఆమె ఏమాత్రం తొణకలేదు. వాడు పోతే ఏడుస్తాను సార్, తర్వాత మెకానిక్‌ని వెతుక్కుంటాను, నేను పోతే మాత్రం ఆర్డర్లు వెతుక్కోవడానికి వాడికి రాదు అని తమిళంలో చెప్పింది. పక్కన కూర్చున్న దాము అందరికన్నా గట్టిగా నవ్వాడు. కమిటీ ఒప్పుకుంది. నో మేడం అడిగింది కదా, ఇవ్వకుండా ఎలా అని ఆయన నాకు ఫోన్ చేసి ఎగతాళి చేశారు. ఆ రోజు నాకు నిజంగా గర్వంగా అనిపించింది.

డబ్బిచ్చాక మెషిన్లు వచ్చాయో లేదో చూడాలి. కొన్ని వారాలకు నేనే వెళ్ళాను, సంతోషంగా వెళ్ళాను. షెడ్డులో కొత్త మెషిన్లు ఆడుతున్నాయి. రాజామణి హాల్లో కుర్చీలో కూర్చుని ఫోన్‌లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది, ఈసారి ఓనర్‌ని అడుగుతాననడం లేదు. ఫోన్ పెట్టాక కాఫీ తెప్పించింది. అప్పుడు చెప్పింది, దిండిగల్ వాళ్ళు వద్దన్నారని.

దాము చెప్పినట్టే తానే వెళ్ళి చెప్పాడట. వాళ్ళు మర్యాదగా విని, భోజనం పెట్టి పంపి, తర్వాత పెద్దమనిషితో కబురు చేశారట. అబ్బాయి మంచివాడే, కానీ ఆడదాని చేతికింద బతికే ఇంటికి పిల్లనివ్వం అని.

“వాడికి ఆ పొణ్ణు నచ్చిండాది అమ్మణి. పళనిలో చూపించినారు, గుడికాడ. వచ్చినప్పటి నుంచి తలకి నూనె పెట్టుకునేది, చొక్కా ఇస్త్రీ చేసేది, అంతా చూస్తానే ఉంటిని. ఇప్పుడు ఏమీ లేదు. పొద్దున పోయి మెషిన్ కాడ కూర్చుంటే రాత్రే వచ్చేది.” ఆమె షెడ్డు వైపు చూసింది. “నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది.”

ఎంత ఇవ్వాల్సి వస్తుందని ఆమె ముందే అడిగింది. ఆమెకు పడే ఖర్చు గురించే ఇద్దరం మాట్లాడుకున్నాం, షెడ్డులోకి పంపిన మనిషి గురించి నేను ఆలోచించలేదు. నా వృత్తిలో ఎన్నో లోన్లు తిరగగొట్టాను, ఎంతమంది శాపనార్థాలో విన్నాను, ఏ రాత్రీ నిద్ర చెడలేదు. నేను ఎస్ అన్న లోను వల్ల ఒకరికి దెబ్బ తగలడం అదే మొదలు.

దామును పిలిపించాను. కాగితాలు మార్చడం కష్టమే కానీ అసాధ్యం కాదని, అతను కోరితే మేనేజింగ్ పార్టనర్ పేరు మళ్ళీ మార్చడానికి కంపెనీని నేను ఒప్పిస్తానని చెప్పాను. నా నోటినుంచి అలాంటి మాట రావడం ప్రభాకరన్ విని ఉంటే మూర్ఛపోయేవాడు. రాజామణి కూడా మార్చేయమనే అంది. ఆమె అన్నది మనసారానే అన్నది.

దాము గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత మామూలుగానే అన్నాడు.

“వద్దు మేడం. వాళ్ళన్నది అబద్ధం కాదు గదా. నేను వదిన చేతికిందనే ఉండాను. ముందు నుంచీ ఉండాను. అది తెలిసి వచ్చేవాళ్ళే రానీ.”

అంతే చెప్పి మెషిన్ ఆగింది చూడాలని వెళ్ళిపోయాడు. రాజామణి ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

ఆ లోను తీరిపోయింది. నేను జోనల్ హెడ్‌గా పైకి వెళ్ళాను, ఆ రీజియన్ ఇప్పుడు ఇంకొకరు చూస్తున్నారు. ఇప్పటికీ ఇలాంటి ఫైలు వస్తే, నడిపే మనిషి పేరే ముందు రాయమంటాను. ఆ మాట మార్చుకోలేదు. మార్చుకున్నది ఒక్కటే. పేరు ఎక్కే మనిషితో పాటు, పేరు దిగే మనిషిని కూడా కూర్చోబెట్టి అడుగుతున్నాను, నీకు ఇందులో ఏం పోతుందని. ఆ ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు. కొత్తగా చేరే ఆడ ఆఫీసర్లకు ట్రైనింగులో నేనే చెబుతున్నాను. ఒక ఆడది ముందుకొచ్చి కూర్చుంటే ఇంట్లో ఇంకెవరో లేవాలి, ఆ లేచినవాడు మంచివాడైతే దెబ్బ అతనికే తగులుతుంది.

దాముకు ఇంకా పెళ్ళి కాలేదు. రాజామణి వెతుకుతోంది. ఈ మధ్య నేను కూడా మదురైలో మా చుట్టాల్ని, తెలిసినవాళ్ళను అడుగుతున్నాను. పిల్ల తరఫువాళ్ళకు అబ్బాయి గుణం, చదువు, వాటా అన్నీ తర్వాత చెబుతాను. మొదటి మాట మాత్రం, ఆ యూనిట్ నడిపేది వాళ్ళ వదిన అని. కొంతమంది అక్కడే ఫోన్ పెట్టేస్తున్నారు. పెట్టేయనీ.